ఫార్మింగ్టన్ పిల్లలు

2019 జనవరి నెలాఖరున అమెరికా ఇమిగ్రేషన్ పోలీసులు దేశంలో పలుచోట్ల ఒకేసారి తలుపులు తట్టారు. తొలి విడతలో 130 మంది విద్యార్థులు పట్టుబడ్డారు. ఒక్కరు తప్ప అందరూ భారతీయులు, అందులోనూ ఎక్కువమంది మన తెలుగు పిల్లలు. చదువుకోవడానికి వెళ్లిన బిడ్డ జైల్లో ఉన్నాడన్న కబురు ఇక్కడి ఇళ్లకు ఫోన్లలో చేరింది.

వాళ్లు చేరింది యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్‌లో. మిషిగన్ రాష్ట్రం ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక ఆఫీసు సముదాయంలో దాని అడ్రసు ఉండేది. వెబ్‌సైట్ ఉంది, ముద్ర ఉంది, ఆ ముద్ర మీద లాటిన్‌లో ఒక నినాదం కూడా ఉంది. విదేశీ విద్యార్థుల్ని చేర్చుకోవచ్చని ప్రభుత్వం ప్రకటించే జాబితాలోనూ పేరుంది. అక్కడ లేనిదల్లా పాఠాలూ, పంతుళ్లూ. ఆ కాలేజీని నడిపింది మారువేషంలో ఉన్న హోంల్యాండ్ సెక్యూరిటీ ఏజెంట్లు. ఆరువందల మంది దాకా చేరారు. ఫీజులు కట్టించుకున్నదీ, రసీదులిచ్చినదీ, చివరికి సంకెళ్లు వేసినదీ ఒకే ప్రభుత్వం.

పిల్లలకు అంతా తెలుసు, వీసా స్టేటస్ నిలుపుకుని ఉద్యోగం చేసుకోవడానికే చేరారని ప్రాసిక్యూటర్లు వాదించారు. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. అయినా వాళ్లు ఆ గుమ్మం దాకా ఎలా వెళ్లారో కూడా చెప్పుకోవాలి. ఎంఎస్ అయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ ఏడాది, ఇంజినీరింగ్ చదువైతే మరో రెండేళ్లు. ఈలోగా ఉద్యోగ వీసా ఎచ్-1బీకి లాటరీ తగలాలి. వీసాలు ఏటా 65,000, అక్కడ పీజీ చేసినవారికి ఇంకో 20,000. 2018లో వచ్చిన దరఖాస్తులు 1,90,000 పైచిలుకు. లాటరీ తగలనివాడు పెట్టె సర్దుకోవాలి, లేదా మరో కాలేజీలో చేరాలి. చదువుతున్న కాలేజీకి గుర్తింపు పోయి ఇటు వచ్చినవాళ్లూ ఉన్నారు. అప్పు వడ్డీతో సహా ఇంటి దగ్గర పెరుగుతోంది. అలాంటప్పుడు ఎవరో ఒక అన్న, 'చేరరా, మొదటి రోజు నుంచే పని చేసుకోవడానికి సీపీటీ ఇస్తారు, మనోళ్లు చాలామంది ఉన్నారు' అంటాడు. అలా చేర్పించి కమిషన్ తీసుకున్నందుకు పట్టుబడ్డ ఎనిమిది మందీ తెలుగువాళ్లే. ఎనిమిది మందీ తర్వాత కోర్టులో నేరం ఒప్పుకున్నారు.

నా బాధంతా ఆ చేరే రోజు గురించే. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ అనే బూటకపు కాలేజీ మూతపడి, మన పిల్లల కాళ్లకు ట్రాకింగ్ పరికరాలు కట్టిన సంగతి అందరం చూశాం. అయినా మనవాళ్లకు కన్సల్టెన్సీని నమ్మడం అలవాటు, సీనియర్‌ని అడగడం అలవాటు. లాయరు దగ్గరికి వెళ్లడమంటే మాత్రం అప్పటికే ఏదో తప్పు చేసినట్టు. ఉద్యోగమిచ్చిన కంపెనీకి అటార్నీ ఉన్నాడుగా అని కొందరి ధీమా. ఆయన ఫీజు కంపెనీ ఇస్తుంది, ఆయన చూసేది కంపెనీ వేసే పిటిషన్. సొంత డబ్బుతో ఒక్క గంట ఇమిగ్రేషన్ లాయరు ముందు కూర్చుని ఉంటే, ఆయన ఆ ముద్రనూ జాబితానూ చూసి ఊరుకునేవాడు కాదు. క్లాసు ఏ రోజు, పాఠం చెప్పేదెవరు అని అడిగేవాడు. సీపీటీ అంటే చదువులో భాగంగా చేసే పని; చదువే లేనిచోట అది నిలవదని ముఖానే చెప్పేవాడు.

తీరా లాయరు కావలసి వచ్చేసరికి పిల్లవాడు లోపల ఉన్నాడు. అమెరికా ఇమిగ్రేషన్ కోర్టులో లాయరును పెట్టుకునే హక్కు ఉంది కానీ, ఆ ఖర్చు ప్రభుత్వం భరించదు. బయట ఉన్న రూమ్మేటే వెతకాలి. తెలిసిన లాయరు పేర్లు నాలుగు ఉన్నా, వాళ్లలో చాలామంది ఎచ్-1బీ, గ్రీన్‌కార్డు కాగితాలు చూసేవాళ్లు. డిపోర్టేషన్ కేసులో జడ్జి ముందు నిలబడే లాయర్లు వేరు. లైసెన్సు నిజమా కాదా అన్నది రాష్ట్ర బార్ వెబ్‌సైట్‌లో చూడొచ్చని ఆ హడావిడిలో ఎంతమందికి గుర్తొస్తుంది? ఫోనెత్తిన లాయరు మొదట అడిగేది ఇమిగ్రేషన్ ఫైలు నంబరు, అంటే ఎ-నంబరు. అది పట్టుబడ్డవాడికి ఇచ్చిన నోటీసు మీద ఉంటుంది. ఆ నోటీసేమో అతని దగ్గరే, జైల్లో. బాండ్ ఇచ్చినా కనీసం 1,500 డాలర్లు, అదీ అప్పట్లో స్టేటస్ సరిగ్గా ఉన్నవాడే ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లి కట్టాల్సి వచ్చేది. ఆ రూమ్మేటు కూడా ఫార్మింగ్టన్ వాడే అయితే ఆ ఆఫీసు మెట్లు ఎలా ఎక్కుతాడు?

ఆటా, తానా లాంటి తెలుగు సంఘాలు లాయర్లను కూడగట్టాయి. మన రాయబార కార్యాలయం రాత్రింబవళ్లు పలికే హెల్ప్‌లైన్ పెట్టింది. ఆ సాయం చేసినవారికి దణ్ణం పెట్టాలి. కానీ అప్పటికి లాయర్లు చేయగలిగింది కొంచెమే. డిపోర్టేషన్ ఉత్తర్వు పడితే పదేళ్ల దాకా అమెరికా గడప తొక్కలేని పరిస్థితి రావచ్చు. అందుకే ఎక్కువమంది స్వచ్ఛందంగా వెళ్లిపోతామని ఒప్పుకుని, టికెట్ తామే కొనుక్కుని ఇంటికొచ్చారు. నెలలు గడిచేకొద్దీ అరెస్టులు 250 దాకా చేరాయి. వచ్చినవాళ్లలో చాలామంది గట్టిగా మాట్లాడలేదు. పెళ్లి సంబంధాలు చూసే ఇంట్లో, అప్పిచ్చినవాడు వీధిలో ఎదురయ్యే ఊళ్లో, ఆ మాట ఎలా ఎత్తుతారు?

అయినా పిల్లల్లో ఒకరు తనలాంటివారందరి తరఫున ఫీజు తిరిగి ఇమ్మని అమెరికా ప్రభుత్వం మీదే దావా వేశారు. కింది కోర్టు కొట్టేసింది. 2024 జూన్‌లో అప్పీళ్ల కోర్టు ఆ దావా నడవొచ్చని చెప్పింది. ఆ డబ్బు వాళ్లకు తిరిగి రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. చదువు చెబుతామని ప్రభుత్వమే రసీదిచ్చి తీసుకున్న డబ్బు అది.