రెండు కీబోర్డులు

కీబోర్డు అన్న మాటకి తెలుగులో రెండర్థాలు స్థిరపడిపోయాయి. ఒకటి అక్షరాలు కొట్టేది, రెండోది పాటలు వాయించేది. మొదటిదాని ముందు మన ఆడపిల్లలు లెక్కలేనంతమంది కూర్చున్నారు. గుంటూరు, తెనాలి, చీరాల, ఒంగోలు... ఏ ఊరి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చూసినా లోయరు, హయ్యరు పరీక్షలకి తయారయ్యే అమ్మాయిలు ఉండేవాళ్ళు. తర్వాత డీటీపీ సెంటర్లు, ఆ తర్వాత హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీలు. రెండో కీబోర్డు దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. పెళ్ళి ఆర్కెస్ట్రా అయినా, కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభ మీద కార్యక్రమమైనా వాయించేది దాదాపు ఎప్పుడూ మగవాడే. ఆడవాళ్ళు మైకు దగ్గర ఉంటారు, లేదా రికార్డింగ్ డాన్సులో ఉంటారు. అవే వేళ్ళు, ఇంచుమించు అవే మీటలు. మరి ఈ తేడా ఎక్కడిది?

పద్యనాటకాల చరిత్ర చదువుతున్నప్పుడు నాకు సగం జవాబు దొరికింది. ఆ నాటకాలకి హార్మోనియం ప్రాణం. నాటకం రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లవారుజామున ముగిసేది. 'సంసార స్త్రీలు' ఆ వేళప్పుడు స్టేజీ ఎక్కకూడదు కాబట్టి సత్యభామ వేషానికి కూడా మగవాడే కావాల్సివచ్చింది. ఆ వేషంతో ఆంధ్రదేశాన్ని ఊపేసిన స్థానం నరసింహారావు గారిది మా పక్కనున్న బాపట్లే. 1902లో పుట్టారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. స్టేజీ ఎక్కిన కళావంతుల ఇళ్ళ స్త్రీలకి చప్పట్లు దక్కాయి గానీ మర్యాద దక్కలేదు. 'మర్యాదస్తుల' ఇళ్ళలో ఆడపిల్లకి హార్మోనియం నేర్పించింది ఎక్కువగా పెళ్ళిచూపుల కోసం. పెళ్ళయ్యాక ఆ పెట్టె అటకెక్కేది. అంటే, పగటిపూట ఇంట్లో నాలుగు కీర్తనల వరకూ అది ఆడవాళ్ళది. రాత్రిపూట పదిమందిలో, డబ్బులొచ్చే చోట మగవాళ్ళది. గమకాలు పలకదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని నిషేధించింది. పెట్టె యోగ్యత గురించి అంత చర్చ జరిగింది. దాని ముందు ఎవరు కూర్చోవచ్చన్న చర్చ మాత్రం జరగలేదు.

ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చాక ఈ లెక్క మారాల్సింది. ఎందుకంటే 1980ల మొదట్లో ఈ రెండు కీబోర్డులూ ఒకదానికొకటి ముడిపడ్డాయి. ఇంట్లో టీవీకి తగిలించి వాడుకునే చిన్న కంప్యూటర్లు అప్పుడే వచ్చాయి. 1981లో బీబీసీ మైక్రో, 1982లో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, కమొడోర్ 64. 1983 జనవరిలో అమెరికాలోని అనహైమ్‌లో జరిగిన సంగీత వాద్యాల ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డుల్ని ఒక తీగతో కలిపారు. ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికింది. దాని పేరే మిడి. దాని కోసం పనిచేసిన డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషిలకి 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. లైసెన్సు రుసుము లేకుండా అన్ని కంపెనీలకీ అందుబాటులో ఉంచారు కాబట్టే అది ప్రపంచమంతా పాకింది. 1985లో వచ్చిన అటారి ఎస్‌టీ కంప్యూటర్‌కి మిడి సాకెట్లు పుట్టుకతోనే ఉన్నాయి.

ఈ మిడి గురించి ఒక సంగతి మనం ప్రత్యేకంగా గమనించాలి. ఆ తీగలో ధ్వని ప్రయాణించదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు... ఇలాంటి సమాచారం మాత్రమే ప్రయాణిస్తుంది. బలాన్ని 0 నుంచి 127 వరకూ అంకెల్లో కొలుస్తారు. అంటే మిడి ఫైలు వేళ్ళు చేసిన పనికి రాసుకున్న పద్దు లాంటిది. ఆ వేళ్ళు ఎవరివో మాత్రం ఆ పద్దులో దానంతటది నమోదు కాదు.

ఈ యంత్రాల తయారీలో స్త్రీలు లేరా అంటే, ఉన్నారు. సంగీత కళాశాలలో చదివి 1980లో క్యాసియోలో చేరిన హిరోకో ఒకుదా, 1981 నాటి ఎంటీ-40 అనే చిన్న కీబోర్డుకి తాళాలు కూర్చింది. అందులో 'రాక్' అనే మీట నొక్కితే వచ్చే తాళం మీద 1985లో జమైకాలో ఒక పాట వచ్చింది. రెగె సంగీతం కంప్యూటర్ల దారి పట్టింది ఆ పాటతోనే. బీబీసీ మైక్రోకి బేసిక్ భాష రాసింది సోఫీ విల్సన్ అనే ట్రాన్స్ మహిళ. ఇవాళ మన చేతుల్లో ఉన్న ఫోన్ల ప్రాసెసర్లకి మూలమైన ఆర్మ్ రూపకల్పనలో కూడా ఆమె చెయ్యి ఉంది. లారీ స్పీగల్ 1986లో 'మ్యూజిక్ మౌస్' అనే ప్రోగ్రామ్ రాసింది, మౌస్ కదుపుతూ సంగీతం చేయడానికి. మన దేశంలో అంతకుముందే, 1969లో, అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి మోగ్ సింథసైజర్ వచ్చింది. దానితో పనిచేసినవాళ్ళలో గీతా సారాభాయ్ ఒకరు. 1946లో న్యూయార్క్ వెళ్ళి జాన్ కేజ్‌కి భారతీయ సంగీతం చెప్పిన విదుషి ఆమె. ఆ స్టూడియో టేపులు 2023లో గానీ జనం వినేలా బయటికి రాలేదు. యంత్రం లోపల ఆడవాళ్ళ పని ఉంటుంది, పైన కంపెనీ పేరుంటుంది.

ఇక ఇళ్ళ సంగతి. అమెరికాలో కంప్యూటర్ సైన్సు డిగ్రీ తీసుకున్నవాళ్ళలో 1984 ప్రాంతంలో స్త్రీలు సుమారు 37 శాతం. తర్వాత ఆ సంఖ్య పడిపోయింది. ఇంటికి కొన్న కంప్యూటర్‌ని కొడుకు గదిలో పెట్టడం దానికి ఒక కారణమని జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ 2002 నాటి తమ పుస్తకంలో చూపించారు. మన దగ్గర ఆ తరం కంప్యూటర్లు ఇళ్ళకి పెద్దగా రానేలేదు. 1984-85లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన 'క్లాస్' పథకం కింద మొదట సుమారు 250 పాఠశాలలకి బీబీసీ మైక్రోలు వచ్చాయి. ఇంట్లో కాకుండా బడిలో, కాలేజీలో, ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ ఉండటం ఒకరకంగా మన ఆడపిల్లలకి కలిసొచ్చిందనే అనుకుంటాను. అన్నయ్య గదిలో ఉన్న యంత్రాన్ని అడుక్కోవాలి. ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజు కడితే పగలు పది నుంచి పదకొండు వరకూ ఆ కుర్చీ నీదే. పైగా ఉద్యోగం వస్తుంది.

పాటల కీబోర్డుకి ఆ పగటి గంట లేదు. ఆర్కెస్ట్రా వ్యాను సాయంత్రం బయల్దేరుతుంది, తెల్లారి తిరిగొస్తుంది. ఈ ఇబ్బందిని మిడి తొలగించగలిగేదే. పదిమంది వాద్యకారుల పని ఒక గదిలో ఒక్కరే చేసుకోవచ్చు. ఎ.ఆర్. రెహమాన్ చెన్నైలో తన ఇంటి ఆవరణలోనే స్టూడియో కట్టుకున్నాడు. 1992లో 'రోజా' వచ్చాక, ఇల్లే స్టూడియో కావచ్చని కుర్రాళ్ళందరికీ అర్థమైంది. కానీ ఇల్లు ఇద్దరికీ ఒకటేనా? మగవాడు రాత్రంతా గదిలో కూర్చుంటే తలుపు దగ్గరగా వేసి, భోజనం లోపలికి పంపిస్తారు. ఆడదానికి ఇల్లే పని చేసే చోటు, తలుపు వేసుకుంటే వంట ఆగిపోతుంది. 1968లో సావిత్రి దర్శకత్వం వహించిన 'చిన్నారి పాపలు'కి పి. లీల సంగీతం చేసింది. 1995లో 'తాజ్ మహల్'కి ఎం.ఎం. శ్రీలేఖ చేసింది. ఈ పేర్లు మనకి గర్వకారణం. కానీ రెంటి మధ్యా ఇరవయ్యేడేళ్ళున్నాయి. ఆ మధ్యలో వచ్చిన పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా ఉన్నాయా?

వాడరేవులో మా పిన్ని దగ్గర ఒక క్యాసియో ఉండేది. అరవయ్యొక్క మెట్లు. చీరాలలో ఒక ఆర్కెస్ట్రా ఆయన కొత్తది కొనుక్కుంటూ పాతది అమ్మేస్తే, పొగాకు గ్రేడింగుకి వెళ్ళి దాచుకున్న కూలి డబ్బులతో 1998లో కొనుక్కుంది. మా దళితవాడ చర్చిలో ప్రతి ఆదివారం వాయించేది. మెట్ల మీద ప్లాస్టర్ ముక్కలంటించి స, రి, గ, మ అని రాసుకుంది. మా వైపు ఆడవాళ్ళకి రాత్రిపూట సంగీతం అనుమతించిన చోటు ఏదైనా ఉందంటే అది క్రిస్మస్ ముందు కేరల్స్ వారమే. పెట్టెని రిక్షాలో పెట్టుకుని, ఇల్లిల్లూ తిరిగి తెల్లారేదాకా వాయించేది. పదిహేడేళ్ళు అలా సాగింది. 2015లో సంఘం కొత్త కీబోర్డు కొన్నది. ఖరీదైన వస్తువు, కుర్రాళ్ళు చూసుకుంటారన్నారు. ఆమెని ఎవరూ లేచిపొమ్మనలేదు, కుర్చీ మాత్రం మారిపోయింది.

ఆ క్యాసియో వెనకాల ఐదేసి చిల్లులున్న గుండ్రటి సాకెట్లు ఉండేవి. అవెందుకో ఎవరికీ తెలీదు. 2004లో మా తమ్ముడు సెకండ్‌హ్యాండు కంప్యూటర్ తెచ్చి, జాయ్‌స్టిక్ తగిలించే చోట మిడి కేబుల్ పెట్టి రెంటినీ కలిపాడు. పిన్ని వాయిస్తుంటే తెర మీద చిన్న చిన్న గీతలు పడుతూ వచ్చాయి. ఆమె సొంతంగా కట్టిన ఒక వరసని వాడు ఫ్లాపీలో దాచాడు. ఇరవై కేబీ కూడా లేదు. ఆ ఫైలుకి వాడి పేరే పెట్టాడు. వాడి తప్పేం లేదు, పేరు అడిగిన డబ్బాలో పేరు కొట్టాడంతే.

2023లో పాత కీబోర్డులు కొని, బాగుచేసి అమ్మే కుర్రాడొకడు హైదరాబాదు నుంచి వచ్చాడు. గుమ్మంలోనే, "సార్ లేరా అమ్మా?" అన్నాడు. "ఈ పెట్టెకి సారు నేనే బాబూ" అంది పిన్ని. వాడు నవ్వి, "ఆడవాళ్ళు వాడింది కదా, పెద్దగా వాయించి ఉండరు, కండిషన్ బాగుంటుంది" అన్నాడు. 'లేడీ డాక్టర్ నడిపిన కారు' అని ప్రకటనలు చూస్తుంటాం కదా, అదే తర్కం. పాత సరుకుల మార్కెట్లో ఆడవాళ్ళ వాడకమంటే వాడకపోవడం కింద లెక్క! పిన్ని గుడ్డ తీసి చూపించింది. మధ్య రెండు స్థాయుల మెట్లు అరిగి నున్నబడి ఉన్నాయి. కొన్ని పలకలేదు. ఉప్పుగాలికి లోపలి కాంటాక్టులు చెడిపోయాయి. ఆరు వేలన్నవాడు నాలుగుకి దిగాడు. పిన్ని నాలుగుకే ఇచ్చింది గానీ ఒక షరతు పెట్టింది. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఎవరు వాయించారో నా చేత ఒక కాగితం మీద రాయించి, పెట్టె అడుగున అంటించింది. "ఎందుకమ్మా ఇది?" అన్నాడు వాడు. "పెట్టెతోపాటే వెళ్ళాలి" అంది.

ఆమెది చాదస్తమని నేననుకోను. పాత వస్తువు 'వింటేజ్' అయ్యేది దాని వాడకం కథ వల్లనే. 1981లో వచ్చిన రోలాండ్ టీబీ-303 అమ్ముడుపోక 1984లో ఆగిపోయింది. చవగ్గా దొరికిన ఆ పెట్టెలతో చికాగోలో నల్లజాతి కుర్రాళ్ళు 1987లో కొత్త సంగీతం పుట్టించారు. అంతకుముందే, 1982లో, బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ దాన్ని కూడా వాడుకుంటూ రాగాలు వాయించి రికార్డు తెచ్చాడు. దాన్ని ప్రపంచం పట్టించుకుంది 2010లో మళ్ళీ విడుదలయ్యాకే. ఇవాళ ఆ పెట్టె ధర మామూలు వాద్యకారులకి అందదు. ఆ ధర తెచ్చింది తయారుచేసిన కంపెనీ కాదు, వాయించినవాళ్ళు. మరి పదిహేడేళ్ళు ఒక చర్చిని పాడించిన చేతుల కథకి ధర ఎందుకుండదు? ఉండదు, ఎందుకంటే దాన్ని ఎవరూ రాయలేదు.

సాహిత్యంలో మనం ఈ పని చాలాకాలంగా చేస్తున్నాం. అటకల మీంచి రచయిత్రుల ఉత్తరాలు, డైరీలు దింపాం. ఇప్పుడు వాటి పక్కనున్న పెట్టెల్ని కూడా దింపాలి. వీటికి గడువు తక్కువ. చాలా కీబోర్డుల లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే మెమరీలో దాచుకున్నవన్నీ పోతాయి. ఫ్లాపీలకి బూజు పడుతుంది. బ్యాటరీ బతికుండగానే, ఆ సౌకర్యమున్న పెట్టెల్లోంచి అందులో ఉన్నదంతా మిడి తీగ ద్వారానే కంప్యూటర్లోకి దించుకోవచ్చు. ఫ్లాపీలు చదివే యూఎస్‌బీ డ్రైవులు దొరుకుతాయి.

అమ్మొద్దని నేననను. ఇల్లు గడవాలి, చోటు కావాలి. అమ్మే ముందు మాత్రం లోపలున్నది దించుకోండి. మీ అమ్మో, అత్తో, పిన్నో వాయించి ఉంటే ఎప్పుడు, ఎక్కడ, ఏమేం పాటలో వాళ్ళ నోటితో చెప్పించుకుని రాసుకోండి. ఫైలుకి వాళ్ళ పేరు పెట్టండి. కొనేవాడు 'ఎవరు వాడారు' అని అడిగితే, వాడింది ఆవిడేనని, బాగా వాడిందని చెప్పండి. మెట్లు అరిగిపోయాయి కాబట్టి ధర తగ్గిస్తానంటే తగ్గించనివ్వండి గానీ ఆ అరుగుదల ఎవరి వేళ్ళదో అతని రసీదు మీద రాయించండి.