గుఱ్ఱపు లక్షణము – గుఱ్ఱపు పుష్టి

"గుఱ్ఱము గుడ్డిదైనను దాణా తప్పదు" అని మన పెద్దల సామెత. పనికిరానివానికి కూడ తిండి పెట్టవలసి వచ్చినప్పుడు విసుగుతో మనము ఈ మాట వాడుదుము. కాని దీనిలో లాయపువారి అనుభవ మొకటి దాగియున్నది. గుఱ్ఱమున కెట్టి అవలక్షణ మున్నను పోషణము మానరాదు. ఎట్టి సులక్షణ మున్నను పోషణము లేక అది నిలువదు. లక్షణము పుట్టుకతో వచ్చునది. పుష్టి యజమాని చేతిలో నున్నది. మన దక్షిణదేశపు రాజులు మొదటిదానికి బంగారము ధారపోసిరి. రెండవదానిని పలుమార్లు ఉపేక్షించిరి. ఆ కథ కొంత చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

నేను పండితుడను కాను, పశువైద్యుడను కాను. హోసూరు ప్రాంతమున పుట్టి, ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి, గుమాస్తాగా కాలము గడిపి విశ్రాంతి పొందినవాడను. గుఱ్ఱములపై నాకు ఆసక్తి ఎట్లు కలిగెనో వ్యాసాంతమున మనవి చేసెదను.

ఉత్తమాశ్వములకై మన రాజులు సముద్రము వంక చూడవలసి వచ్చెను. అరబ్బు, పారసీక దేశములనుండి ఓడలలో గుఱ్ఱములు వచ్చెడివి. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమున, తుపానుకు చిక్కి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వరాజులు బలాత్కారముగా గైకొనెడివారనియు, తాను సుంకము మాత్రమే గ్రహించుననియు ప్రకటించెను. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమున, దూరదేశములనుండి ఏనుగులను, మేలుగుఱ్ఱములను తెచ్చు వర్తకులను ఆదరించి మంచి వెల యిచ్చినచో అవి శత్రువుల పాలు కాకుండునని ఉపదేశించెను. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాతను బట్టి విజయనగర రాజు ఏటేట 13,000 గుఱ్ఱములు కొని, వానిలో శ్రేష్ఠములను తన లాయమున నుంచుకొని తక్కినవి నాయకుల కిచ్చెడివాడు. సాళువ నరసింహరాయలు ఓడలో చచ్చిన గుఱ్ఱమునకు సైతము, తోక తెచ్చి చూపిన చాలును, బ్రదికినదానితో సమానముగా వెల యిచ్చెనని కూడ అతడే చెప్పెను. హంపిలో హజారరామాలయపు ప్రాకారముపై వరుసలు తీరిన గుఱ్ఱములను చూచువారికి ఈ మాటలలో అతిశయోక్తి తోపదు.

ఇంత ధనము వెచ్చించునప్పుడు మంచిచెడ్డలు నిర్ణయించు శాస్త్రము అవసరమగుట సహజము. మన దేశమున అశ్వశాస్త్రమునకు శాలిహోత్రుడు ఆద్యుడని ప్రసిద్ధి. నకులుని పేర ఒక గ్రంథమున్నది. దానిని తంజావూరు సరస్వతీమహల్ గ్రంథాలయమువారు 1952లో ప్రకటించిరి. జయదత్తుడు అశ్వవైద్యకము రచించెను. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసమున గుఱ్ఱములను గూర్చిన ప్రకరణము కలదు. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణములను పద్యములలో చెప్పెను. ఈ సంప్రదాయమున రెండు పాయలు కలిసి ప్రవహించుచున్నవి. ఒకటి శకునముల పాయ: వెండ్రుకల సుళ్ళు ఎక్కడ నున్నవి, మెడపై దేవమణి యున్నదా, నాలుగు కాళ్ళును ముఖమును తెల్లనై పంచకల్యాణి యగునా, మేనిరంగు ఎట్టిది అను విచారము. రెండవది శరీరపరీక్ష: అవయవముల పొందిక, గిట్టలు, దంతములు, నడక. మొదటిది గుఱ్ఱమును గుర్తుపట్టుటకు మిక్కిలి పనికివచ్చును. అల్లాఉద్దీన్ ఖిల్జీ తన సైన్యమున గుఱ్ఱములకు ముద్ర వేయించి, ఒకదానికి మాఱుగా వేఱొకటి చూపు మోసమును అరికట్టెను. కాని గుర్తును గుణముగా భావించుటయే చిక్కు తెచ్చిపెట్టినది. ఒక సుడి తప్పుచోట నున్నదని బలమైన గుఱ్ఱమును కొననివారును, పంచకల్యాణి యని కుంటిదానికి రెట్టింపు వెల యిచ్చినవారును ఎందఱో కలరు.

శరీరపరీక్ష అట్టిది కాదు. దానికి కారణములు చెప్పవచ్చును. గుఱ్ఱమును చదునైన గట్టినేలపై నిలిపి మొదట పది అడుగుల దూరమునుండి చూడవలెను. నిలిచియున్న గుఱ్ఱపు బరువులో నూటికి అఱువది పాళ్ళు ముందుకాళ్ళపై పడును. కావున పరీక్ష అక్కడనే ప్రారంభము. ఎదుట నిలిచి భుజాగ్రమునుండి దారము వ్రేలాడదీసినట్లు ఊహించుకొనిన, ఆ గీత మోకాలి నడుమగా సాగి గిట్ట మధ్యమున దిగవలెను. మోకాలు లోపలికి వంగినను, వెలికి వంగినను బరువు ఒక ప్రక్కకే పడి కీళ్ళు త్వరగా చెడును. భుజము ఏటవాలుగా నుండుట మంచిది. నిట్టనిలువుగా నున్న అడుగు పొట్టిదై, దెబ్బ సూటిగా ఎముకకు తగులును. గిట్టకు పైనున్న భాగము కూడ అంతే ఏటవాలుగా నుండవలెను. వీపు మఱీ పొడవైన నడుము బలహీనమగును. గిట్ట పగుళ్ళు లేక, జత గిట్టలు రెండును ఒకే పరిమాణమున నుండవలెను. అన్ని అందములున్నను గిట్ట చెడినచో ఆ గుఱ్ఱము లేనట్లే. తరువాత దానిని గట్టినేలపై దుడుకు నడకన నడిపింపవలెను. ముందుకాలు నొప్పియున్న గుఱ్ఱము ఆ కాలు నేలను తాకినప్పుడు తల పైకెత్తును. మంచికాలు మోపినప్పుడు తల దించును. వర్తకుడు ఎంత పొగడినను ఆ తల ఊపు నిజము చెప్పివేయును.

వయస్సు పండ్లలో తెలియును. ముందుపండ్లలో నడిమి జత సుమారు రెండున్నర యేండ్లకు, ప్రక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు పాలపండ్లు ఊడి వచ్చును. ఐదేండ్లకు నోరు నిండును. అటుపిమ్మట క్రిందిపండ్లపైనున్న గుంటలు క్రమముగా అరిగిపోవును. ముసలి గుఱ్ఱపు పండ్లలో గుంటలు తొలిచి నల్లగా కాల్చి అమ్ము మోసగాండ్రు అన్ని దేశములలోను ఉండిరి.

ఇంతవరకు కొనుగోలు సంగతి. కొన్నతరువాత ఏమి జరిగెను? 13వ శతాబ్ది చివర పాండ్యదేశమును చూచిన మార్కోపోలో వ్రాత చదువగా మనస్సు చివుక్కుమనును. అక్కడి రాజు ఏటేట రెండువేలకు పైగా గుఱ్ఱములు కొనుననియు, ఆయన సోదరులును అట్లే కొందురనియు, ఏడాది తిరుగునప్పటికి నూఱు కూడ మిగులవనియు అతడు చెప్పెను. కారణము కూడ చెప్పెను: పోషణము తెలియకపోవుట. గుఱ్ఱములకు మాంసముతో కలిపి వండిన అన్నము పెట్టెడివారట. నాళములు కొట్టువారు లేరట. వర్తకులు అట్టివారిని ఆ దేశమునకు రానీయరట. గుఱ్ఱములు త్వరగా చచ్చినచో మఱల కొత్తవి అమ్ముడుపోవును గదా! 15వ శతాబ్దిలో బీదరుకు వచ్చిన రష్యా వర్తకుడు నికితిన్, ఇక్కడ గుఱ్ఱములకు పప్పుగింజలు పెట్టుదురనియు, చక్కెర, నూనె చేర్చి కిచిడీ వండుదురనియు వ్రాసెను. గింజల వఱకు అది మంచి పద్ధతియే; మన ఉలవలు అట్టివే. కాని గుఱ్ఱపు కడుపు ప్రధానముగా గడ్డి కొఱకు ఏర్పడినది. రోజులో ఎక్కువ కాలము కొంచెము కొంచెముగా మేయుట దాని స్వభావము. ఒక్కసారి గింజలు మెండుగా పెట్టినచో కడుపునొప్పియు, గిట్టల వాపును కలుగును. రాజుల ధనాగారము ఓడ వర్తకుల పాలగుటకు లాయములోని అజ్ఞానము కూడ ఒక కారణమని నా నమ్మకము.

పుష్టిని పరీక్షించుట ఎట్లు? 1983లో అమెరికాలోని టెక్సాస్‌లో హెన్నెకీ యను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును దీనికొక కొలత ఏర్పఱచిరి. మెడ, మూపు, భుజము వెనుకభాగము, ప్రక్కటెముకలు, నడుము, తోక మొదలు – ఈ ఆఱు చోట్ల కంటితో చూచి, చేతితో తడవి, ఒకటి మొదలు తొమ్మిది వఱకు అంకె వేయుదురు. ఒకటి యనగా ఎముకల గూడు. తొమ్మిది యనగా మితిమీఱిన క్రొవ్వు. ఐదు మధ్యమము: ప్రక్కటెముకలు కంటికి కనబడవు, కాని అరచేతికి సులభముగా తగులును; వీపు సమముగా నుండును. చేతితో తడవుట ముఖ్యము, ఏలయన చలికాలపు దట్టమైన వెండ్రుకలు ఎముకలను దాచును. కడుపు పెద్దదైనంత మాత్రమున పుష్టి యని మోసపోరాదు; సారము లేని గడ్డి తిన్నను, కడుపులో పురుగులున్నను పొట్ట ఉబ్బును, వెన్ను మాత్రము ఎండియుండును. ఈ అంకె నెలనెలకు మాఱును. గుఱ్ఱపు లక్షణము ఒక్కసారి వ్రాసికొనిన చాలును. పుష్టిని మఱల మఱల చూడవలెను.

ఇప్పుడు నా సంగతి. 1980ల ప్రాంతమున నేను ఒక పట్టణపు కార్యాలయమున జట్కాబండ్ల లైసెన్సు రిజిస్టరు వ్రాయుచుంటిని. అందు గుఱ్ఱపు రంగు, ఎత్తు, గుర్తులు వ్రాయుటకు గళ్ళుండెను. పుష్టికి గడి లేదు. ప్రతి యేడును పాత పుట చూచి, "గోధుమవన్నె, నుదుట చుక్క, కుడి వెనుకకాలు తెలుపు" అని ముత్యములవంటి అక్షరములతో ఎక్కించి, సంతకమునకు పంపెడివాడను. గుఱ్ఱము వాకిటనే నిలిచియుండెడిది. నేను కుర్చీలోనుండి లేచి చూచినవాడను కాను. ఒక వేసవి మధ్యాహ్నము అట్టి గుఱ్ఱ మొకటి మా కార్యాలయము మెట్ల యెదుటనే కాడితో సహా కూలిపోయినది. దిగి చూచితిని. నుదుట చుక్క యున్నది, కుడికాలు తెల్లగనే యున్నది. రిజిస్టరులో ఒక్క అక్షరము తప్పు లేదు. ప్రక్కటెముకలు మాత్రము లెక్కపెట్టవచ్చును. బండివాడు దాని తల ఒడిలో పెట్టుకొని, "అయ్యా, రెండు నెలలుగా బాడుగలు లేవు, మేమును పస్తులే" అని ఏడ్చెను. వానిని నిందించుటకు నాకు నోరాడలేదు. ఒక ముసలి జట్కావాడు వచ్చి, నా చేయి పట్టుకొని ఆ గుఱ్ఱపు ప్రక్కపై నుంచి, "చూచుట చాలదయ్యా, తడవవలె" అనెను. అశ్వశాస్త్రమున నాకు తొలి పాఠము అదియే. ఆ గుఱ్ఱము సాయంకాలమునకు చనిపోయినది.

జట్కాలు మాయమైనవి. కాని పెండ్లి ఊరేగింపులలో, కొండయాత్రాస్థలములలో, సముద్రతీరములలో గుఱ్ఱములు నేటికిని మనకొఱకు బరువు మోయుచున్నవి. మన పిల్లలు వానిపై నెక్కుదురు. ఎక్కించుటకు ముందు జూలు అందమును, తలపై కుచ్చును గాక, ఒక్కమాఱు ప్రక్కపై అరచేయి నుంచి చూడుడు. ఎముకలు కఱకుగా తగిలినచో బిడ్డను దింపి, గుఱ్ఱపువానితో దాణా మాట రెండు మంచిమాటలుగా చెప్పుడు. వీలైన ఆ బాడుగ డబ్బులు దాణాకే యిండు. లక్షణము చూచుట గుఱ్ఱమును పరీక్షించుట. పుష్టి చూచుట గుఱ్ఱమును కాదు, దానిచే పని చేయించుకొను మనలను పరీక్షించుట.