జేజి పుట్టింటి దారి

మా జేజి పోయేదాకా తనది కర్నూలు జిల్లా అనే చెప్పింది. రేషన్ కార్డులో ప్రకాశం జిల్లా అని ఉంది కదా అంటే, "కాగితం మారితే నేను మారతానా?" అనేది. చిన్నప్పుడు మేం నవ్వుకునేవాళ్లం. ఆ మాటలో ఎంత బాధ ఉందో నాకు పెళ్లయ్యాక గానీ తెలియలేదు.

జేజి పుట్టిల్లు నల్లమలకు అవతల, గాజులపల్లె దగ్గర ఒక పల్లె. మెట్టినిల్లు ఇవతల, గిద్దలూరు. మధ్యలో ఘాట్ రోడ్డు. దిగువమెట్ట దాటితే అడవే. మలుపులు ఎక్కువ, మనుషులు తక్కువ. చీకటి పడితే ఇప్పటికీ ఆ దారిలో గుండె చిక్కబట్టుకునే కూర్చుంటాం. గిద్దలూరు నుంచి నంద్యాలకు 60 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుందంతే. కానీ ఆ దారి మా ఇంటి ఆడవాళ్లకు ఒక్కో కాలంలో ఒక్కో దూరం అయింది.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1800లో నిజాం ఇంగ్లీషు కుంఫిణీకి ధారపోసిన దత్తమండలాల్లో మా సీమ కూడా ఉంది. ముందు కడప జిల్లా కింద ఉండేది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు కంభం, మార్కాపురం తాలూకాలను అందులో కలిపారు. అప్పటి నుంచి నూరేళ్ల పైన మా వాళ్లకు కచేరీ పనంటే పడమటి దిక్కే. 1880లలో నల్లమలను తొలిచి మీటర్ గేజ్ రైలు వేశాక అదీ నంద్యాల వైపే తీసుకుపోయేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయితే, ఉన్న ఆ మూడేళ్లూ మా తాత, "రాజధాని మన జిల్లాలోనే" అని మీసం తిప్పేవాడట.

తాతకు ఒక పొలం పట్టా పేచీ ఉండేది. కలెక్టరు కచేరీలో వాయిదా పడ్డప్పుడల్లా బయలుదేరేవాడు. దారిలో అత్తగారింట ఒక పూట ఆగేవాడు. జేజి ఊరగాయ జాడీ, చెల్లెలికి రవిక గుడ్డ మూటగట్టి ఇచ్చేది. తిరుగు ప్రయాణంలో చింతపండు, కొత్త బియ్యం వచ్చేవి. అన్నిటికన్నా ముందు కబురు వచ్చేది. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి, వదిన నీళ్లోసుకుందా, గేదె ఈనిందా... ఆడపిల్ల పుట్టింటికి పోవాలంటే పండగో పురుడో రావాలి. కబురు మాత్రం వాయిదాతోనే వచ్చేది. అందుకే ఆ పేచీ ఎన్నాళ్లు సాగితే జేజికి అంత సంతోషం!

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుట్టింది. కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వైపు, నెల్లూరు నుంచి కనిగిరి, పొదిలి వైపు, గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి వైపు తెచ్చి కలిపారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారే. మమ్మల్ని కర్నూలు నుంచి విడదీసిన జిల్లాకు ఆయన పేరే రావడం చిత్రం.

తాత కాగితాలు ఒంగోలు చేరాయి. అది గిద్దలూరుకు నంద్యాల కన్నా రెట్టింపు పైనే దూరం. పైగా తూర్పు దిక్కు. ఇక ఆయనకు ఘాట్ ఎక్కే పని లేకపోయింది. ఒక ఏడాది జేజి వాళ్లమ్మ మంచాన పడింది. నెలన్నర దాకా ఇక్కడ తెలియలేదు. ఎవరో చేత కబురందుకుని జేజి వెళ్లేసరికి దినాలు కూడా అయిపోయాయి.

"మీ తాతనేమనను? ఒంగోలు పోయే దారిలో నా పుట్టిల్లు లేదు కదమ్మా" అంది నాతో, ఏళ్ల తరువాత బియ్యంలో రాళ్లేరుతూ.

జిల్లాలు ఎందుకు కలుపుతారో, ఎవరికి దగ్గరో ఎవరికి దూరమో పెద్దలు లెక్కలు వేస్తారు. మార్కాపురం వాళ్లు మాకు వేరే జిల్లా కావాలని ఏళ్ల తరబడి అడిగింది కూడా ఆ దూరం భరించలేకే. కానీ కోడలి చేతి ఊరగాయ జాడీ ఏ దారిన పోతుందో ఏ లెక్కలోనూ రాయరు.

2022 ఏప్రిల్ 4న నంద్యాల కూడా జిల్లా అయింది. గాజులపల్లె ఇప్పుడు అందులో ఉంది. అంటే జేజి పుట్టిల్లు కూడా కర్నూలు జిల్లాలో లేదు. ఆమె ఉంటే ఏమనేదో!

ఈమధ్య మా అమ్మాయికి నంద్యాల సంబంధం వచ్చింది. "జిల్లా దాటి, అడవి దాటి ఇస్తామా?" అన్నారు మావారు. సెల్‌ఫోన్లున్న కాలంలో అడవి అడ్డమా అని నేననలేదు. ఫోనులో గొంతు వినిపిస్తుంది గానీ అమ్మ మోకాళ్లు కనపడవు కదా. "నెలకోసారి బస్సెక్కి వెళ్లే పని మీరు పెట్టుకుంటానంటే ఇద్దాం" అన్నాను. ఆయన ఇంకా జవాబు చెప్పలేదు.

మీ ఇంట్లో పెద్దావిడను ఒకసారి అడగండి, మీది ఏ జిల్లా అని. ఆమె చెప్పే పేరు ఇప్పటి పటంలో లేకపోతే, దిద్దకండి. ఎందుకో అడగండి.