దాత ఇచ్చిన స్నాయువు

మోకాలి లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ పూర్తిగా తెగితే సాధారణంగా దానంతట అది అతకదు. దాని చోట మరో స్నాయువును అమర్చాలి. 1917లో బ్రిస్టల్ సర్జన్ హే గ్రోవ్స్ రోగి తొడ పక్కనున్న గట్టి పొరనే పట్టీలా మలిచి మోకాల్లోకి దించారు. అయితే రోగి ఒంట్లోంచి తీసిన చోట మరో గాయం మిగులుతుంది. మరణించిన దాత నుంచి తీసుకుంటే ఆ బాధ ఉండదు.

1949లో జార్జ్ హయట్ బెథెస్డాలో దాతల కణజాలాన్ని నిల్వ చేసే అమెరికా నౌకాదళ టిష్యూ బ్యాంకును నెలకొల్పారు. 1984లో జపాన్ సర్జన్ కొన్సెయ్ షినో బృందం కుక్కల మోకాళ్లలో ఇతర కుక్కల స్నాయువులను అమర్చి చూసిన ఫలితాలను ప్రచురించింది. మనుషులకూ ఈ ఆపరేషన్ చేసింది. నిల్వ చేసిన స్నాయువులో కణాలు చచ్చిపోతాయి, పీచు మాత్రం మిగులుతుంది. రోగి రక్తనాళాలు, కణాలు మెల్లగా అందులోకి పాకి దాన్ని సొంతం చేసుకుంటాయి. చికిత్సకంతటికీ ఇదే ఆధారం.

అసలు భయం క్రిములది. 1985లో అమెరికాలో ఒక దాతకు హెచ్ఐవీ పరీక్ష చేస్తే లేదనే వచ్చింది. ఇన్ఫెక్షన్ సోకిన తొలి రోజులు కావడంతో పరీక్షకు అందలేదు. అతని అవయవాలు పొందిన నలుగురికీ, శుద్ధి చేయని గడ్డకట్టించిన ఎముక పొందిన ముగ్గురికీ వైరస్ సోకింది. శుద్ధి చేసిన కణజాలం పొంది, తర్వాత పరీక్ష చేయించుకున్నవారిలో ఒక్కరికీ సోకలేదు. 2001 నవంబరులో మిన్నెసోటాలో 23 ఏళ్ల యువకుడు మోకాలి ఆపరేషన్ అయిన నాలుగు రోజులకే చనిపోయాడు. అతనికి అమర్చిన ఎముక, మృదులాస్థి ముక్కలో క్లాస్ట్రిడియం క్రిమి ఉంది. దాత శరీరాన్ని 19 గంటలపాటు చల్లబరచకుండా ఉంచేశారు. ఆ నిర్లక్ష్యాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అమెరికాలో కణజాల సేకరణ, శుద్ధికి కట్టుదిట్టమైన నిబంధనలు 2005లో గానీ అమలుకు రాలేదు.

మరి గట్టిగా శుద్ధి చేస్తే సరిపోదా? ఎథిలిన్ ఆక్సైడ్ వాయువుతో శుద్ధి చేసిన గ్రాఫ్టులు, అంటే అమర్చే స్నాయువు ముక్కలు, కొందరి మోకాళ్లను వాపెక్కించాయి. గామా కిరణాల మోతాదు పెంచితే క్రిములతోపాటు పీచు బలమూ తగ్గుతుంది. క్రిములను చంపుతూనే పట్టు నిలపడం ఎలా అన్నదే ఈ వైద్యాన్ని దశాబ్దాలుగా వేధిస్తున్న చిక్కు.

2011లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, సొంత స్నాయువుతో పోలిస్తే దాత గ్రాఫ్టు మళ్లీ తెగే అవకాశం సుమారు నాలుగు రెట్లు కనిపించింది. పదుల వయసు పిల్లల్లోనే గ్రాఫ్టులు ఎక్కువగా తెగాయి. అందుకే కుర్ర ఆటగాళ్లకు తొడ వెనకుండే సొంత హామ్‌స్ట్రింగ్‌నో, మోకాలి చిప్ప కింది స్నాయువునో వాడటమే మేలని చాలామంది సర్జన్ల మాట. వయసు పైబడినవారికి, ఒకేసారి రెండు మూడు లిగమెంట్లు తెగినవారికి, మొదటి ఆపరేషన్ విఫలమైనవారికి దాత స్నాయువు నిజంగా అక్కరకొస్తుంది. మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టంలోకి 2011 సవరణతో కణజాలం కూడా చేరింది. కళ్లు, కిడ్నీలు దానం చేయడానికి ఒప్పుకునే కుటుంబాలకు స్నాయువులూ ఇవ్వవచ్చని ఆ సమయంలో ఎవరైనా చెప్పాలి.