కారు స్టీరియోలో పోర్టబుల్ మ్యూజిక్ ప్లేయర్

జేబులో పట్టే ప్లేయర్‌లోని పాటను కారు స్పీకర్లలో వినడానికి ఐదు దారులు వాడుకలోకి వచ్చాయి: క్యాసెట్ అడాప్టర్, ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్, ఆక్స్ కేబుల్, యూఎస్‌బీ, బ్లూటూత్. 1979లో సోనీ వాక్‌మన్‌తో మొదలైన ఈ అవసరం 2001లో ఐపాడ్ వచ్చాక ఇంటింటి విషయమైంది. సౌండ్ బాగోలేదనిపిస్తే చాలామంది మొదట స్పీకర్లను అనుమానిస్తారు, లేదంటే ఫైలు నాసిరకమనుకుంటారు. నిజానికి ఎక్కువ నష్టం జరిగేది ఆ రెంటి మధ్య దారిలో. అందులోనూ ప్రధాన కారణం ప్లేయర్ నుంచి స్టీరియోకు అందే సిగ్నల్ స్థాయి సరిగా లేకపోవడం. దీన్ని సరిచేసుకోవడానికి దాదాపు ఖర్చే ఉండదు కాబట్టి స్పీకర్ల కొనుగోలు కంటే ముందు చూడాల్సింది ఇదే.

ఆక్స్ కేబుల్‌తో కలిపినప్పుడు పాట రెండు వాల్యూమ్ కంట్రోళ్లు దాటుతుంది, ఒకటి ప్లేయర్‌లో, ఇంకొకటి స్టీరియోలో. గృహోపకరణాల లైన్ స్థాయిని సుమారు 0.3 వోల్టులుగా లెక్కిస్తారు. సీడీ ప్లేయర్ గరిష్ఠంగా 2 వోల్టుల దాకా ఇస్తుంది. హెడ్‌ఫోన్ సాకెట్ ఇచ్చే వోల్టేజి వాల్యూమ్‌ను బట్టి మారుతూ ఉంటుంది. చెవుల రక్షణ కోసం ఐరోపా ప్రమాణం ఈఎన్ 50332 దానికి 150 మిల్లీవోల్టుల పరిమితి పెట్టింది కూడా. ప్లేయర్ వోల్టేజిని నాలుగో వంతుకు తగ్గిస్తే, అంటే 12 డెసిబెల్స్ దించితే, ఆ లోటును స్టీరియోలో పూడ్చాలి. పూడ్చేటప్పుడు పాటతోపాటు కేబుల్ పట్టిన రొద, స్టీరియో ఇన్‌పుట్‌లోని బుస కూడా అంతే పెరుగుతాయి. అలాగని ప్లేయర్‌ను చివరిదాకా తిప్పితే కొన్ని ప్లేయర్లలో హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ తన హద్దు దాటి తరంగం కొసలను కత్తిరిస్తుంది. సౌండ్ పగులుతోందని మనం అనేది దీన్నే. ఒకసారి కత్తిరించిన తరంగాన్ని స్టీరియో మళ్లీ బాగుచేయలేదు. అందుకని ముందుగా స్టీరియోను తక్కువలో ఉంచి, బాగా గట్టిగా రికార్డయిన పాట ఒకటి పెట్టి, ప్లేయర్ వాల్యూమ్‌ను పై నుంచి రెండు మూడు మెట్లు కింద ఆపాలి. ఇక ఆపైన కంట్రోల్ అంతా స్టీరియో నాబ్‌కే వదిలేయాలి. 2003లో వచ్చిన మూడో తరం ఐపాడ్ అడుగున ఉన్న 30 పిన్నుల డాక్ కనెక్టర్ ఈ చిక్కునే తీర్చింది. అందులోని లైన్ అవుట్ వాల్యూమ్ కంట్రోల్‌తో నిమిత్తం లేకుండా స్థిరమైన స్థాయి ఇచ్చేది. 2012లో లైట్నింగ్ కనెక్టర్ దాని స్థానంలోకి రావడంతో ఆ సదుపాయం పోయింది. మంచి శబ్దం కోరేవారికి అది లోటే.

ఆక్స్ సాకెట్ లేని పాత కార్లలో మిగిలిన దారులు రెండు. క్యాసెట్ అడాప్టర్‌లో టేపు ఉండదు. అందులోని చిన్న హెడ్ డెక్ హెడ్‌కు ఎదురుగా నిలిచి అయస్కాంత క్షేత్రం ద్వారా సిగ్నల్ అందిస్తుంది. డెక్‌లో డాల్బీ బటన్ నొక్కి ఉంటే పాటలోని సన్నని పైస్వరాలు మొద్దుబారతాయి. దాన్ని ఆపితే చాలా అడాప్టర్ల మీది ఫిర్యాదు సగం తీరుతుంది. ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ పరిస్థితి ఇంతకంటే కష్టం. ఎఫ్‌ఎం స్టీరియో ప్రసారంలో 19 కిలోహెర్ట్జ్ వద్ద పైలట్ సంకేతం ఉండటంతో పాటకు 15 కిలోహెర్ట్జ్ వరకే చోటు దొరుకుతుంది. పైగా చట్టం ఈ పరికరాల శక్తిని బాగా కుదిస్తుంది. బ్రిటన్ 2006 డిసెంబరులో వీటిని అనుమతించినప్పుడు ఇచ్చిన హద్దు 50 నానోవాట్లు. ఎఫ్‌ఎం రిసీవర్ రెండు సిగ్నళ్లలో బలమైనదాన్నే పట్టుకుంటుంది కనుక హైదరాబాద్‌లో ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీ విజయవాడ దారిలో ఏదో ఒక స్టేషన్ చేతికి చిక్కవచ్చు. ఇక్కడా స్థాయి తప్పు జరుగుతుంది: ట్రాన్స్‌మిటర్‌కు మరీ గట్టి సిగ్నల్ ఇస్తే 75 కిలోహెర్ట్జ్ డీవియేషన్ పరిమితి దాటి శబ్దం బొంగురుపోతుంది.

ఇంజిన్ వేగంతోపాటు హెచ్చుతగ్గులయ్యే కూత ఒకటి ఆక్స్ వాడేవారికి పరిచయమే. ప్లేయర్‌ను సిగరెట్ లైటర్ సాకెట్‌లోని ఛార్జర్‌కు తగిలించి, ఆక్స్ కేబుల్ కూడా పెడితే గ్రౌండ్‌కు రెండు దారులు ఏర్పడతాయి. ఆ వలయంలో ఆల్టర్నేటర్ కరెంటు చొరబడి పాటలో కలుస్తుంది. ఛార్జర్ పీకగానే కూత ఆగిందంటే కారణం అదే. కార్ డెకార్ షాపుల్లో దొరికే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అంటే లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లున్న డబ్బా. కూతను అది ఆపుతుంది గానీ, కోర్ మరీ చిన్నదైతే గట్టి బేస్ దగ్గర తడబడుతుంది.

హైవే మీద టైర్ల రొదలో ఈ తేడాలన్నీ వినిపిస్తాయా అన్నది సబబైన ప్రశ్నే. అయితే రోడ్డు రొదలో ఎక్కువ భాగం తక్కువ ఫ్రీక్వెన్సీలది. అది పాటలోని బేస్‌ను మింగుతుంది. బుస, కూత, పగిలిన శబ్దం మాత్రం చాలావరకు మన చెవి అత్యంత చురుగ్గా ఉండే 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ ప్రాంతాన్ని తాకుతాయి. అక్కడ రోడ్డు కప్పిపుచ్చేది తక్కువ. రొద ఉందని వాల్యూమ్ పెంచేకొద్దీ అవీ పెరుగుతాయి. ఇక మంచి స్పీకర్లు వేయించుకుంటే సరిపోతుందనేవారు గమనించాల్సింది, మెరుగైన ట్వీటర్ ఆ బుసను మరింత స్పష్టంగా వినిపిస్తుంది. ‘50 వాట్ల నాలుగు చానళ్లు’ అన్న డబ్బా మీది అంకె కూడా ఆదుకోదు. 14.4 వోల్టుల మీద నేరుగా నడిచే యాంప్లిఫయర్ 4 ఓమ్‌ల స్పీకర్‌కు శుభ్రంగా ఇవ్వగలిగేది లెక్క ప్రకారమే 26 వాట్లలోపు. మామూలు కార్లలో స్పీకర్ల వంతు నిజంగా వచ్చేది దారి శుభ్రపడ్డాకే. పాటల మధ్య స్థాయి తేడాకూ ఇదే న్యాయం, సవరణ స్పీకర్ల కంటే ముందే జరగాలి. ఘంటసాల కాలపు మోనో పాట తర్వాత ఈనాటి పాట వస్తే చెయ్యి నాబ్ మీదికి వెళ్లక తప్పదు. 2001లో రూపొందిన రీప్లేగెయిన్ వంటి పద్ధతులు పాటల గట్టిదనాన్ని ముందే కొలిచి సమం చేస్తాయి.

డిజిటల్ దారులతో ఈ గొడవంతా పోయిందనే వాదనలో కొంత నిజముంది. బ్లూటూత్‌లో తీగే లేదు కాబట్టి ఆ తీగ వల్ల ఏర్పడే గ్రౌండ్ లూప్ ఉండదు. సంప్రదాయ బ్లూటూత్ ఆడియోలో అన్ని పరికరాలకూ తప్పనిసరైన ఎస్‌బీసీ కోడెక్ సాధారణంగా గరిష్ఠంగా సెకనుకు 328 కిలోబిట్ల వేగంతో పాటను మళ్లీ కుదించి పంపుతుంది. నడుస్తున్న కారులో ఆ నష్టం స్వల్పమే. కానీ ఫోన్ వాల్యూమ్ సగంలో ఉంటే చాలా కార్లలో పాత కథే పునరావృతమవుతుంది. రెండు కంట్రోళ్లనూ ఒకటిగా కలిపే సదుపాయం లేనిచోట ఫోన్‌ను పూర్తిగా పెంచి పెట్టాలి. యూఎస్‌బీ ద్వారా పాట డిజిటల్‌గానే వెళ్తే దాన్ని అనలాగ్‌గా మార్చే పని స్టీరియోదే అవుతుంది, హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ ప్రమేయం తప్పుతుంది. అప్పటికీ ప్లేయర్‌లోని ఈక్వలైజర్ మిగిలే ఉంటుంది. ఈనాటి పాటలు డిజిటల్ గరిష్ఠ స్థాయికి ఆనుకునే తయారవుతాయి. అక్కడ బేస్‌ను 6 డెసిబెల్స్ పెంచితే పాట స్టీరియోకు చేరకముందే పగులుతుంది. కాబట్టి ప్లేయర్ ఈక్వలైజర్‌ను ఆపేసి, సవరణ ఏదైనా స్టీరియోలోనే చేయాలి. బేస్ ఎక్కువ కావాలంటే మధ్య, పై స్వరాలను కొంత తగ్గించి మొత్తం వాల్యూమ్ పెంచుకోవచ్చు.