మరునాటి సభ



జనుల మెప్పు గోరి మాటలాడు నాయకులు ఈ కాలముననే పుట్టిరని మనము తలంచుచుందుము. ఆ జాతి మిక్కిలి పురాతనమైనది. క్రీస్తునకు పూర్వము 427వ సంవత్సరమున గ్రీసు దేశమందలి ఏథెన్సు నగరమున జరిగిన వృత్తాంత మొకటి మీకు విన్నవించెదను.

ఏథెన్సునందు రాజు లేడు. పౌరులైన పురుషులు సభ కూడి, చేతులెత్తి రాజ్యకార్యములు తీర్మానించువారు. స్త్రీలకును బానిసలకును ఆ హక్కు లేకుండెను. అప్పుడు స్పార్టాతో యుద్ధము సాగుచుండెను. లెస్బాసు ద్వీపమందలి మిటిలీని పట్టణము ఏథెన్సునకు మిత్రమై యుండియు తిరుగబడి, ముట్టడిలో ఆకలికి తాళలేక లొంగిపోయెను. సభ కోపముతో మండిపడెను. అచ్చటి వయస్సు వచ్చిన పురుషుల నందఱను చంపవలయుననియు, స్త్రీలను బిడ్డలను బానిసలుగా చేయవలయుననియు తీర్మానించి, ఆ యాజ్ఞతో ఓడను పంపెను.

ఈ తీర్మానమును నెగ్గించినవాడు క్లియోను. తోళ్ల వ్యాపారపు టింటివాడు. న్యాయసభలలో కూర్చుండు పౌరుల దినభత్యమును తరువాత పెంచినవాడును ఇతడే. అది తప్పని నేననను. కూలి మానుకొనలేని పేదవాడు భత్యము లేక న్యాయము చెప్ప నెట్లు వచ్చును? ఈ చరిత్ర వ్రాసిన తూసిడిడీసునకు క్లియోనుపై ప్రేమ లేదనుటయు మనము మఱువరాదు.

ఆ రాత్రి జనులకు మనస్సు కలతపడెను. మరునాడు సభ మరల కూడెను.

ఇచ్చట నా మాట యొకటి చెప్పుకొందును. నా యౌవనమున మా గ్రామమున ఒక కుటుంబమును వెలివేయుటకు రచ్చబండకడ అందఱము ఔనంటిమి. తెల్లవారి ఒకరి ముఖ మొకరు చూచుకొంటిమి గాని, నిన్నటి మాట తప్పని పలికినవాడు లేడు. నేనును పలుకలేదు. ఆ వారముననే వారు బండి కట్టుకొని పోయిరి. ఆ బండి చప్పుడు నే నిప్పటికిని మఱువలేదు. పదిమందిలో నోరు విప్పుటకంటె, నిన్న విప్పిన నోటితోనే నేడు తప్పని చెప్పుట కష్టము.

క్లియోను లేచి, మారుచుండు మంచి శాసనములకంటె మారని చెడ్డ శాసనములే మేలనెను. తెలివిగలవారికంటె సామాన్యులే రాజ్యము చక్కగా నడుపుదురనెను. జనులకు ఇంతకంటె తీయని మాట యేమున్నది? డయోడోటసు అనువాడు ముందునాడువలెనే అతని నెదిరించెను. జాలి చూపుడని వేడుకొనలేదు. తొందరయు కోపమును మంచి యాలోచనకు శత్రువులనెను. మిటిలీని సామాన్యులు ఆయుధములు చేతికి రాగానే పట్టణమును అప్పగింపజేసిరి. వారినిగూడ చంపినచో ఇక మీదట ఏ పట్టణపు సామాన్యుడు మన పక్షమున నిలుచునని యడిగెను. చేతులు దాదాపు సమానముగా లేచెను. డయోడోటసు పక్షము కొంచెముతో గెలిచెను.

వెంటనే రెండవ ఓడ బయలుదేరెను. మొదటిది అప్పటికి సుమారొక పగలు, ఒక రాత్రి ముందుండెను. తెడ్లు వేయువారు ద్రాక్షసారాయముతోను నూనెతోను కలిపిన యవలపిండిని తెడ్డు విడువకయే తినిరి, వంతులుగా నిద్రించిరి. మొదటి ఓడవారు, పాపపు పని గనుక, త్వరపడలేదు. ఏథెన్సు సేనాని ఆజ్ఞను చదివి నెరవేర్పబోవునంతలో రెండవ ఓడ రేవు చేరెను.

అయినను, తిరుగుబాటు నాయకులని వేయిమందికి పైగా చంపబడిరి. అదియు క్లియోను ప్రతిపాదనయే.

డయోడోటసు యూక్రటీసు కుమారుడు. అతడు తరువాత నేమాయెనో ఎవరును వ్రాయలేదు.