ఓరుగల్లు మట్టికోట నుంచి బురద పరుగు దాకా

ఈ మధ్య మన పట్టణపు కుర్రవాళ్లు కొందరు నన్నొక కొత్త ప్రశ్న అడుగుతున్నారు. హైదరాబాదులో జరిగే బురద పరుగుకు పేరు ఇచ్చామనీ, నెల రోజుల్లో తయారు కావాలనీ, ఏం తినాలో ఏ మాత్ర వేసుకోవాలో చెప్పమనీ వారి కోరిక. బురదగుంటలో పాకడం, తాడు పట్టుకొని గోడ ఎక్కడం, మూపున బరువుతో నడవడం, చన్నీళ్లలో మునిగి లేవడం వంటి అడ్డంకులను దాటుకొంటూ కొన్ని కిలోమీటర్లు సాగే పందెం అది. వారికి చెప్పబోయిన సమాధానం నన్ను కోట చరిత్రలోకి లాక్కుపోయింది. మీరు వరంగల్లు వాసులైతే ఆ చరిత్ర మీ ముంగిట్లోనే ఉన్నది.

ఖిలా వరంగల్ అనగానే మనకు కీర్తితోరణాలూ రాతిగోడా గుర్తుకు వస్తాయి. గణపతిదేవుని కాలంలో రూపు దిద్దుకొన్న ఆ రాతికోటకు వెలుపల, రమారమి రెండున్నర కిలోమీటర్ల వ్యాసంతో మరొక ప్రాకారం ఉన్నది. అది మట్టిది. దాని వెలుపల అగడ్త. రాతిగోడ ఎత్తును పెంచినదీ, ఈ మట్టికట్టను పోయించినదీ రుద్రమదేవి (1262–89) అని చరిత్రకారులు చెబుతారు. కొత్తవారు దానిని ఏదో చెరువుకట్ట అనుకొని దాటిపోతారు. ఆ పొరపాటులోనూ కొంత నిజం లేకపోలేదు. ఇన్ని చెరువులు తవ్వించిన రాజ్యంలో మట్టిని తొక్కించి గట్టిపరచడం పనివారికి వెన్నతో పెట్టిన విద్య అయి ఉండాలి.

ఈ మట్టిగోడను అందరికన్న ఎక్కువగా మెచ్చుకొన్నవాడు శత్రుపక్షపు మనిషి కావడం విశేషం. ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో, అల్లాఉద్దీన్ ఖిల్జీ విజయాలను వర్ణిస్తూ రాసిన గ్రంథంలో, ఉక్కు బల్లెం కూడా ఈ గోడలో దిగదనీ, యంత్రాలతో విసరిన రాళ్లు తగిలి వెనక్కు ఎగిరిపడతాయనీ చెబుతాడు. కవి గనుక కొంత పెంచి చెప్పి ఉండవచ్చు. కాని రాతిగోడ దెబ్బకు పగులుతుంది. మట్టి దెబ్బను మింగుకొంటుంది. ఎముక విరిగే చోట కండ కమిలి ఊరుకోవడం వంటిదే ఇది.

మాలిక్ కాఫర్ సేన 1309 అక్టోబరు చివర ఢిల్లీ నుంచి బయలుదేరి 1310 జనవరిలో ఓరుగల్లు చేరింది. వానలు వెనుకబట్టి నేల గట్టిపడిన కాలం అది. సేన ముందుగా అగడ్తను పూడ్చింది. వంద మంది ఒకే వరుసలో నడవగలిగినంత వెడల్పున మట్టితో ఏటవాలు బాట పోయాలని మొదట తలచారు. దానికి చాలా కాలం పడుతుందని ఆ ఆలోచన విడిచి, నిచ్చెనలు సిద్ధం చేసుకొని ఫిబ్రవరిలో గోడ ఎక్కారు. మట్టికోట చేతికి చిక్కింది. రాతికోట ఇంకా నిలిచి ఉండగానే ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకొన్నాడు. ఓరుగల్లు పూర్తిగా పతనమైంది 1323లో, ఉలుగ్ ఖాన్ చేతిలో. అది వేరే కథ.

అగడ్త, జారే మట్టి వాలు, నిచ్చెన, బరువు: నేటి పందెపు నిర్వాహకులు డబ్బు తీసుకొని చూపించే అడ్డంకులన్నీ ఇక్కడే ఉన్నాయి, గమనించారా? తేడా ఒక్కటే. ఆనాడు గోడ మీద ఆయుధాలతో మనుషులుండేవారు.

ఇటువంటి పనికి ఒళ్లు ఎలా సిద్ధమయ్యేది? మన ప్రాంతంలో ఆ విద్య తరువాతి కాలంలో సాముగరిడీలలోనూ, నిజాం రాజ్యపు పట్టణాలలోని తాలీంఖానాలలోనూ నిలిచింది. కొత్తగా చేరిన శిష్యునికి వస్తాదు వెంటనే కుస్తీ నేర్పడు. ముందు చేతికి పార ఇస్తాడు. గోదాలోని మట్టిని తవ్వి, తిరగేసి, గడ్డలు చిదిపి, రాళ్లు ఏరి మెత్తన చేయడమే తొలి వ్యాయామం. నడుము, భుజాలు, పిడికిలి దానితోనే గట్టిపడతాయి. తరువాత దండీలు, బస్కీలు. వాటి లెక్క కూడా రోజురోజుకూ కొద్దికొద్దిగా పెరగవలసినదే. ఇక ఆ మట్టి సంగతి. జల్లించిన ఎర్రమట్టిలో నూనె, పసుపు, మజ్జిగ వంటివి కలిపి ఒక తీరుకు తెచ్చేవారు. పసుపు కలిపినంత మాత్రాన మట్టిలోని సూక్ష్మజీవులన్నీ చస్తాయని నేను చెప్పను. కాని రాయీ, ముల్లూ, పశువుల పేడా లేని మట్టి అది. అందులో పడినవాడికి చర్మం చీరుకుపోయే అవకాశం తక్కువ. ఒంటినీ మట్టినీ కూడా సిద్ధం చేసిన తరువాతే కుస్తీ. నేటి పందెంలో ఈ రెండూ కరువే.

ఫ్రాన్సులో జార్జ్ ఎబేర్ అనే నౌకాదళాధికారి ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలో నావికులకు పరుగు, పాకడం, ఎక్కడం, బరువులెత్తడం, ఈదడం కలిపిన శిక్షణ రూపొందించాడు. సైన్యాల అడ్డంకుల బాటలకు అది ఒక మూలం. దానిని ప్రజల వినోదంగా మార్చిన తొలి పందేలలో ఒకటి ఇంగ్లండులో 1987లో మొదలైన టఫ్ గై; అమెరికాలో 2010లో టఫ్ మడ్డర్ వచ్చింది; మన దేశంలో 2012 నుంచి డెవిల్స్ సర్క్యూట్.

వైద్యునిగా నాకు ఆసక్తి కలిగించేది ఈ చరిత్రలో బురద పక్షం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎరువు వేసిన పొలాలలో కందకాలు తవ్వుకొని ఉన్న సైనికులకు గాయాలైనప్పుడు ధనుర్వాతం విరుచుకుపడింది. గాయపడినవారికి గుర్రపు సీరం సూది తప్పక ఇవ్వడం మొదలుపెట్టాక అది ఒక్కసారిగా తగ్గింది. ఆ కందకాల కాలంలోనే, 1915లో, జపానులోనూ జర్మనీలోనూ లెప్టోస్పైరోసిస్ క్రిమిని కనుగొన్నారు. మనం ఎలుక జ్వరం అనేది దానినే. 2000లో బోర్నియో దీవిలో, మలేషియాలోని సబాలో, జరిగిన సాహస పందెం తరువాత వైద్యులు విచారించిన 189 మందిలో 80 మందికి ఆ జబ్బు లక్షణాలు కనిపించాయి. నదిలో ఈదడమే ముఖ్య కారణంగా తేలింది. 2012 అక్టోబరులో అమెరికాలోని నెవాడాలో, పశువులు తిరిగే నేల మీద జరిగిన అడ్డంకుల పరుగులో బురదనీళ్లు మింగినవారికి కాంపిలోబాక్టర్ విరేచనాలు పట్టుకొన్నాయి.

కనుక పరుగుకు వెళ్లేవారు ముందుగా టీకా చూసుకోండి. ధనుర్వాతం టీకా వేసుకొని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి. మురికి గాయమైతే అయిదేళ్లు దాటినా కావాలి. కాలిమీద పుండు గాని, తెగిన గాయం గాని ఉంటే ఆ పందెం మానుకోండి. మధుమేహం ఉన్నవారు మరీ జాగ్రత్త, అరికాలిలో స్పర్శ తగ్గినవారికి ముల్లు గుచ్చుకొన్నా తెలియదు. నోరు మూసుకొని పాకండి. పరుగయ్యాక రెండు మూడు వారాలలోగా జ్వరంతో పాటు పిక్కలు విపరీతంగా నొప్పి పుట్టినా, కళ్లు ఎర్రబడినా, బురదలో దిగిన సంగతి వైద్యునికి మీరే చెప్పండి. ఆయన అడగకపోవచ్చు.

శిక్షణకు నెల చాలదు. మూడు నెలలు పెట్టుకోండి. మొదటి నెల వేగపు నడక, కొద్ది బస్కీలు, కడ్డీ పట్టుకొని వేలాడటం. రెండో నెలలో మెట్లూ వాలులూ, తేలికపాటి బరువు. తడినేల మీద పాకడం ఆఖరి నెలలోనే. వేసవిలో పందెమైతే ఒంటికి ఎండ అలవాటు కావడానికే పది పద్నాలుగు రోజులు పడుతుంది. నా ఉద్యోగకాలంలో ఒక యువకుడు పోలీసు ఎంపికకని సాధన మొదలుపెట్టిన తొలిరోజునే పంతానికి వందల కొద్దీ బస్కీలు తీశాడు. మూడో రోజుకు తొడలు కొయ్యబారాయి. మూత్రం పాలు పోయని టీ డికాక్షన్ రంగులో వచ్చింది. కండరాలు చితికి, వాటి రంగు పదార్థం మూత్రపిండాలకు అడ్డుపడింది. నొప్పి తగ్గడానికని మింగిన మాత్రలు దానికి ఆజ్యం పోశాయి. రక్తశుద్ధి చేయించవలసి వచ్చింది. కొన్ని వారాలకు కోలుకొన్నాడు, ఆ ఏటి ఎంపిక మాత్రం దాటిపోయింది. మీకు మూత్రం ఆ రంగులో కనిపిస్తే నొప్పి మాత్ర జోలికి పోకుండా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి.

రెండో నెలలో వాలు ఎక్కడం మొదలుపెట్టేటప్పుడు దయచేసి మట్టికోట గోడను మాత్రం వాడుకోకండి. అది రక్షిత కట్టడం. మీ కాళ్ల కింద జారే ఒక్కొక్క గడ్డా ఏడు వందల ఏళ్ల పైబడినది. ఊరి చుట్టూ గుట్టలకేం కొదవ?